గంట రెండోసారి మోగే చోట

నరసింహప్ప మనవడికి పేరు పెట్టే పండగ సోమవారం అని కుళ్ళాయప్పకు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. ఆ ఇంట్లో బిడ్డ పుట్టి ఇరవయ్యొక్క రోజు ఎప్పటికవుతుందో వేళ్ళు మడిచి లెక్క వేసుకోవడం వాళ్ళ నాయన మార్కండేయ కాలం నుంచీ ఉన్నదే. ఆదివారం పంచె ఉతుక్కుని, చింతపండుతో గంట తోముకుని, వంశాలు రాసుకున్న మూడు దస్త్రాలూ సంచిలో సర్దుకుని, తెల్లారి మొదటి బస్సుకు ఎర్రబండలో దిగాడు.

కుళ్ళాయప్పది వంశాలు చదివే వృత్తి. చుట్టూ పదిహేడు ఊళ్ళలో ఏ ఇంటికి మూలపురుషుడు ఎవరో, అతనికి ఎందరు కొడుకులో, ఏ కరువులో ఏ కొడుకు ఏ ఊరికి వలసపోయాడో, వాకిట్లో కూర్చుని గంట కొడుతూ రాగం తీసి చెబుతాడు. పేరు పెట్టే రోజున వంశమంతా చదివి, ఆఖరి పేరు దగ్గర గంట ఆపితే, అప్పుడు తాత వంగి పిల్లవాడి చెవిలో పేరు చెప్పాలి. గంట ఆగేదాకా ఎంత పెద్దమనిషైనా కాచుకుని ఉండాల్సిందే. ఏడాదిలో అలాంటి ఘడియలు కుళ్ళాయప్పకు నాలుగో ఐదో దొరుకుతాయి, వాటికోసమే మిగతా రోజులన్నీ బతుకుతాడు.

ఆ రోజు నడిమింట్లో గోడకు ఒక కొత్త పటం వేలాడుతోంది. తలుపంత అద్దం. లోపల చెట్టు బొమ్మ, కొమ్మకొమ్మకూ గడులు, గడుల్లో పేర్లు. వచ్చినవాళ్ళందరూ దాని ముందే గుంపు కట్టి, మా జేజి నాయన ఈడుండాడు, మా చిన్నాయన ఆడుండాడు అని వేళ్ళతో పొడిచి చూపించుకుంటున్నారు. కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళి చూశాడు. అడుగున సన్నటి అక్షరాల్లో ‘శాఖా గ్రంథాలయం, గుండ్లదొడ్డి, వంశవృక్షాల విభాగం’ అని ఉంది. తను నలభై నిమిషాలు గొంతు చించుకుని చదివేదంతా అందులో ఒక్క చూపుకే దొరుకుతోంది.

అయినా ఓర్చుకుని చాప మీద కూర్చుని గంట అందుకున్నాడు. రెండు తరాలు దాటాడో లేదో, వీడియో తీసే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. గంట చప్పుడుకు మాటలు వినపడవంట.

“ఏమప్పా కుళ్ళాయప్పా, అంతా ఆ పటంలో ఉండాది కదా. రెండు ముక్కల్లో ముగించు. ఎండెక్కుతాంది,” అన్నాడు నరసింహప్ప.

“ఆరు తరాలుండాయన్నా. రెండు ముక్కల్లో ఎట్ల అయితాది?”

నరసింహప్ప అప్పటికే వంగి మనవడి చెవిలో పేరు చెప్పేశాడు. అందరూ అక్షింతలు చల్లారు. కుళ్ళాయప్ప చేతిలో గంట ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

భోజనం మాత్రం మర్యాదగానే పెట్టారు. రెండు ఓళిగలు వేసి పైన నెయ్యి పోశారు. తిట్టి పంపినా ఇంత బాధపడేవాడు కాదు. ఎదురుగా గోడ మీద ఆ పటం మెరుస్తుంటే, ఎవరో తన చోట కూర్చుని తన విస్తట్లో తింటున్నట్టు అనిపించింది.

*

మంగళవారం పొద్దున గ్రంథాలయం తలుపులు తీసేసరికి కుళ్ళాయప్ప మెట్ల మీద ఉన్నాడు. తప్పులు పట్టాలని నిశ్చయించుకుని వచ్చాడు. నిన్న మొన్న పుట్టిన ఆ విభాగంలో తప్పులు లేకుండా ఎలా ఉంటాయి? ఒక్కటి దొరికితే చాలు, పదిహేడు ఊళ్ళలో టముకు వేసినట్టు చెప్పుకోవచ్చు.

గ్రంథాలయం నడిపే భారతికి నలభై ఏళ్ళుంటాయి. తాళాలు తీసి, చీపురు పట్టి, తనే ఊడ్చుకుంటోంది. “ఏం కావల్ల పెద్దాయనా?” అంది.

“తప్పులు. మీ వంశాల కాయితాల్లో తప్పులుండాయేమో చూసేదానికి వచ్చినా. నేను మార్కండేయ కొడుకును, కుళ్ళాయప్పను.”

ఆమె చీపురు గోడకు ఆనించి చేతులు తుడుచుకుంది. “మీకోసం మూడేండ్లుగా అడుగుతాండా. రెండుసార్లు మీ ఊరికి మనిషిని పంపిచ్చినా. ఒకసారి శింగనమల పక్కకు పోయినారన్నారు, ఒకసారి రానన్నారంట.” కుర్చీ జరిపి, ఫ్యాను కింద వేసి, టీ తెప్పించింది.

మొహం చిట్లించుకుని ఉంటే ఎంత బాగుండేది! ఇంత మంచిగా మాట్లాడేదాని మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో కుళ్ళాయప్పకు ఆ పూట తెలిసింది. అయినా నిలబెట్టుకున్నాడు.

ఇనప బీరువాలో ఊరికొక కట్ట ఉంది. ఇంటికొక పెద్ద కాగితం. మగవాళ్ళ పేర్లకు ఎంత గడి ఉందో ఆడవాళ్ళ పేర్లకూ అంతే ఉంది. పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, వలసపోయిన ఊరు. అడుగున ‘చెప్పినవారు’ అని ఒక గీత, దాని మీద సంతకమో వేలిముద్రో. ఆడవాళ్ళ పేర్లు చూసి కుళ్ళాయప్ప ముక్కుతో నవ్వాడు. వంశంలో ఆడవాళ్ళను చదవడం ఎక్కడన్నా ఉందా? కానీ దాన్ని తప్పు అనడానికి లేదు.

పది గంటలనుంచీ జనం మొదలయ్యారు. కులం సర్టిఫికెట్టుకు తాత పేరు కావాలని ఒకామె. పెళ్ళి మాటలు అనుకుంటున్న రెండు కుటుంబాలవాళ్ళు, రెండు కాగితాలు పక్కపక్కన పరుచుకుని, నాలుగో తరంలో అన్నదమ్ములని తేలేసరికి నవ్వుకుంటూ, మన పిల్లలు అన్నాచెల్లెళ్ళయిరి అని లేచిపోయారు. ఆ సంబంధం కుదరదని కుళ్ళాయప్ప కళ్ళు మూసుకుని చెప్పగలడు. అతన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మధ్యాహ్నం కుందుర్పి వైపు నుంచి తిప్పేష్ అని ఒక గొర్రెలకాపరి వచ్చాడు. వాళ్ళ తాత తమ్ముడు ఎన్నడో కరువులో గొర్రెలు తోలుకుని పోయి మళ్ళీ రాలేదు. ఆ వంశంవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారా అని అడిగాడు. కుళ్ళాయప్పకు నాలుక చివరే ఉంది. బళ్ళారి దారిలో ఫలానా ఊరు, ముగ్గురు కొడుకులు. నోరు తెరిచాడు, మూశాడు. ఈ బీరువా ఎంత పని చేస్తుందో చూద్దామనుకున్నాడు.

భారతి నాలుగు కట్టలు విప్పి, చెమట తుడుచుకుంటూ, ముప్పావు గంటకు ఆ పేరు పట్టుకుంది. అక్కడినుంచే ఫోన్ కలిపింది. తిప్పేష్ ఫోను చెవిన పెట్టుకుని, “నేను, మీ పెద్దనాయన మనవణ్ణి,” అని మాత్రం అనగలిగాడు. తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పోయేటప్పుడు భారతికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆ దణ్ణం తనది. నోరు తెరిచి ఉంటే తనకే దక్కేది. కుళ్ళాయప్ప ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ మాటే పదిసార్లు అనుకున్నాడు.

*

బుధవారం నరసింహప్పే కుళ్ళాయప్ప ఇంటికి వచ్చాడు. మోటారు సైకిలు దిగి, మంచం వాల్చకముందే అరుగు మీద కూర్చుని, నీళ్ళడిగి తాగాడు. ఆ ఇంటి మనిషి ఈ గడప తొక్కడం మార్కండేయ పోయినప్పుడు తప్ప ఎప్పుడూ లేదు.

“సోమవారం నువ్వు మనసు కష్టపెట్టుకొని పోయినావని తెలిసిందిలేప్పా. పిల్లోండ్ల తొందర. అది పక్కన పెట్టు. ఇప్పుడు నీతో పనుండాది.”

పని ఇది. నరసింహప్ప నాయన పాపన్నకు ఒక అన్న ఉండేవాడు, ఈరప్ప. ఈరప్ప పోయి యాభై ఏళ్ళయినా, చెరువు వెనక నాలుగెకరాలు కాగితాల్లో అతని పేరు మీదనే ఉండిపోయాయి. ఇప్పుడు భూములు మళ్ళీ సర్వే చేసి పేర్లు మారుస్తున్నారు. ఆ నేల దున్నుకుని బతుకుతున్నది తిరుపాలమ్మ అనే ముసలామె, ఆమె కూతురు జయంతి. తిరుపాలమ్మ ఈరప్ప కూతురినని అర్జీ పెట్టింది. ఋజువుగా గ్రంథాలయం కాగితం జతచేసింది. శుక్రవారం ఎర్రబండ సచివాలయంలో విచారణ. ఆమె ఈరప్ప కూతురు కాదని తేలితే నేల నరసింహప్పకు వస్తుంది.

“ఆయమ్మ ఈరప్ప కన్న కూతురు కాదప్పా. జాతరలో దొరికితే తెచ్చి పెంచుకున్న పిల్ల. అడిగితే పుట్టుకకు కాయితం లేదంటాది, చదువుకోలేదంటాది. ఉన్నదల్లా ఆ లైబ్రరీ కాయితమే. అది కూడా ఆయమ్మే పోయి చెప్పి రాయించుకున్నది. నీ దస్త్రంలో ఈరప్ప కింద ఏముండాది?”

కుళ్ళాయప్ప దస్త్రం విప్పనక్కరలేదు. “ఈరప్ప కొడుకు ఓబన్న.”

“ఓబన్న తిరుపాలమ్మ మొగుడు. ఇల్లటం వచ్చి మామ ఇంట్లోనే ఉండిపోయినాడు. ఇల్లటం అల్లుణ్ణి కొడుకని చదివేది మీ ఆచారం, దాంట్లో తప్పేం లేదు. తిరుపాలమ్మ పేరుందా?”

“లేదు.”

“ఆ ముక్క చాలు. ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధమాడమని నేను అడగలేదు.” లేస్తూ అన్నాడు, “లైబ్రరీ కాయితం వట్టిదని తేలితే, ఇంక ఎవురైనా నీ దగ్గరికే రావల్ల కదా.”

మోటారు సైకిలు పోయాక కుళ్ళాయప్ప చాలాసేపు మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. సంతోషంగా ఉంది, దాచుకోవడం ఎందుకు. మంగళవారమంతా వెతికినా దొరకని తప్పు ఇంటికి నడిచి వచ్చింది. ఎవరో చెప్పిందల్లా రాసుకునే ఆ బీరువా, ఆ భారతి, ఆ టీ, ఆ కుర్చీ. తాను అబద్ధమాడనవసరం లేదు. ఉన్నదున్నట్టు చెబితే చాలు, అన్నీ కూలిపోతాయి. ఊళ్ళో ఇంకెవరన్నా వేరేగా చెబుతారేమో అన్న అనుమానం ఒకటి వచ్చింది గానీ, అదీ నిలవలేదు. తిరుపాలమ్మ ఈడువాళ్ళు ఎవరూ మిగల్లేదు. మిగిలినవాళ్ళలో సగంమంది చేలకు నీళ్ళు నరసింహప్ప బోరు నుంచే పారాలి. ఎర్రబండలో ఎండాకాలానికి నీళ్ళుండే బోరు అదొక్కటే.

*

గురువారం విచారణ సంగతి మాట్లాడుకోవడానికి ఎర్రబండ వెళ్ళాడు. బస్సు దిగి చెరువు వెనక అడ్డదారి పట్టాడు. సంచిలో గంట నడకకు అప్పుడప్పుడూ చిన్నగా మోగుతోంది.

“ఎవురూ, కుళ్ళాయప్పేనా?”

కళ్ళం దగ్గర తిరుపాలమ్మ కాళ్ళు బారచాపుకుని కూర్చుని ఉంది. రెండు కళ్ళకూ పొర కమ్మింది. ముందు పీకిన వేరుశనగ చెట్ల వామి. చేతికందిన చెట్టు తీసుకుని, వేళ్ళతో తడిమి, కాయలు తెంపి ఒడిలో వేసుకుంటోంది. గింజ లేని లొట్టకాయ అయితే వేలికి తెలుస్తుంది, పక్కకు విసిరేస్తుంది. ఆ ఏడు లొట్టలే ఎక్కువ. కాస్త అవతల జయంతి మోకాళ్ళ మీద కూర్చుని మరో వామి పని చూస్తోంది. తల ఎత్తి చూసి, “రేపు నువ్వు వాండ్ల సాక్షివంట కదన్నా,” అంది. మళ్ళీ పనిలో పడింది.

“నాకు తెలిసింది చెప్తా జయంతమ్మా. ఎవురి పక్కా కాదు.”

“రేపటి మాట రేపు,” అంది ముసలామె. “కళ్ళం కాడికి వచ్చినోడివి వంశం చదవకుండా పోతే ఎట్లప్పా? చదవకుండా గింజ ఇంట్లోకి పోయేదెట్ల? కూచో.”

తప్పించుకునే దారి లేదు. నేల మీద చతికిలబడి, గంట తీసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మూలపురుషుడు, అతని ముగ్గురు కొడుకులు, మధ్యవాడి సంతానం. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గంట. ఈరప్ప పేరు వచ్చింది. “ఈరప్ప కొడుకు ఓబన్న” అని రాగం సాగదీసి గంట కొట్టాడు. వెంటనే ఇంకోసారి కొట్టాడు. దస్త్రంలో ఓబన్న పేరు పక్కన వాళ్ళ నాయన పెట్టిన ఎర్రచుక్క ఉంది. ఎర్రచుక్క ఉన్నచోట రెండుసార్లు కొట్టాలి. అంతవరకే అతనికి తెలుసు.

తిరుపాలమ్మ చేతులు ఆగిపోయాయి. పొర కమ్మిన కళ్ళు ఎటో చూస్తూ నవ్వింది.

“ఆ రెండో దెబ్బ నాది,” అంది.

“ఏం పెద్దమ్మా?”

“నాది. నా పెండ్లయిన ఏడు ఇదే కళ్ళం కాడ మీ నాయన చదివినాడు. నిన్న మొన్న వచ్చిన మొగుడి పేరు చదివినాడు, ఈడ పుట్టిన నా పేరు చదవలే. నేను పోయి గడ్డివామి వెనకాల ఏడిస్తి. మా నాయన వచ్చి చెప్పినాడు. ‘పిచ్చిదానా, ఆడబిడ్డ పేరు వాండ్లు నోట అనరు, రెండోసారి గంట కొట్టినాడు చూడు, అది నువ్వే. పెంచుకున్న బిడ్డయితే ఆ దెబ్బ కొట్టరు, కన్న బిడ్డకే కొడ్తారు’ అని. అరవై ఏండ్లయింది. ప్రతి కళ్ళానికీ ఆ దెబ్బ వినేదానికే కూచుంటా.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నీకు తెలీదా ఏంది? మీ నాయన చెప్పలేదా?”

కుళ్ళాయప్ప గంట నాలుకను వేళ్ళతో పట్టుకుని సంచిలో పెట్టేశాడు. ముసలామె తడుముకుంటూ చేటలోకి కాయలు ఎత్తింది. ఏరి ఏరి గట్టివే వేసింది. జయంతి వచ్చి అవి అతని తువ్వాల్లో పోసి మూట కట్టి ఇచ్చింది. రేపు ఇలా చెప్పమని గానీ, అలా చెప్పొద్దని గానీ ఇద్దరిలో ఎవరూ అనలేదు.

అతను నరసింహప్ప ఇంటికి పోలేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉడికిపోయాడు. ఇన్నాళ్ళూ భారతి మీద ఉన్న మంట ఇప్పుడు కళ్ళు కనిపించని ఆ ముసలామె మీదికి మళ్ళింది. తన గంట గురించి తనకు తెలియనిది ఆమెకు తెలుసు! అబద్ధమై ఉంటుందనుకున్నాడు. అబద్ధమైతే బాగుండుననుకున్నాడు. దాన్ని తేల్చుకునే చోటు ఒక్కటే ఉంది. అక్కడికే పోవలసి రావడం ఇంకో మంట.

నాలుగు గంటలకు గ్రంథాలయంలో దస్త్రాలు మూడూ బల్ల మీద పరిచాడు. ఎర్రచుక్కలు లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. అందులో బీరువాలో కాగితం ఉన్న ఇళ్ళు ఏడు. భారతిని అడగకుండా తనే ఒక్కొక్క కట్టా విప్పి చూశాడు. మొదటిది బెళుగుప్ప పక్క ఊరు. కూతురు, ఇల్లటం. రెండోది అంతే. ఏడుకు ఏడూ అంతే. దస్త్రంలో కొడుకని ఉన్న ప్రతిచోటా ఇక్కడ అల్లుడని ఉంది, పక్కన ఇంట్లో పుట్టిన ఒక ఆడపిల్ల పేరు ఉంది.

అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఈసారి ఉల్టాగా వెతికాడు. ఇల్లటం అని కాగితంలో ఉండి తన దస్త్రంలో ఎర్రచుక్క లేనివి ఏమన్నా ఉన్నాయా అని. రెండు దొరికాయి. నాయన మరిచిపోయాడన్నమాట, ఇదంతా వట్టిది అనుకుంటూ కాగితం దగ్గరికి లాక్కుని చదివాడు. ఒకదాంట్లో ‘చెల్లెలి బిడ్డను తెచ్చి పెంచుకున్నారు’ అని ఉంది. రెండోదాంట్లో కూతురి పేరు పక్కన ఒకే మాట, ‘పెంపకం’.

నాయన ఏదీ మరిచిపోలేదు.

“దొరికినాయా పెద్దాయనా, తప్పులు?” దీపాలు ఆర్పుతూ భారతి అడిగింది.

“రేపు చూద్దాం,” అన్నాడు.

“రేపు శుక్రవారం, మాకు సెలవు. నేను ఎర్రబండకే వస్తాండా, విచారణకు. రిజిష్టరు తెమ్మన్నారు.”

*

సచివాలయం వరండాలో షామియానా వేశారు. తహసీల్దారు బల్ల వెనక కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది గానీ, ఎవరికి వాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. తిరుపాలమ్మను జయంతి చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. భారతి ఎర్రబండ కట్టనూ, అన్ని ఊళ్ళ ఇళ్ళ వివరాలుండే రిజిష్టరునూ ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కన ఉంది.

నరసింహప్ప తన మాట చెప్పి, కుళ్ళాయప్పను ముందుకు పిలిచాడు. “సార్, మా వంశాలన్నీ వీండ్ల దగ్గరే ఉండాయి. ఆరు తరాల దస్త్రాలు. ఈయప్పను అడగండి.”

“ఈరప్ప వంశంలో తిరుపాలమ్మ అనే పేరుందా?” తహసీల్దారు అడిగాడు.

“లేదు సార్.”

వరండాలో గుసగుస లేచింది. జయంతి కళ్ళు మూసుకుంది. కుళ్ళాయప్ప భారతి వైపు చూశాడు. నాలుగు రోజులుగా చూడాలనుకున్న మొహం అది. ఆమె తల దించుకుని కట్ట తాడు వేలికి చుట్టుకుంటోంది. ఎంతో రుచిగా ఉంటుందనుకున్నది నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. ఇక్కడితో ఆగిపోతే లైబ్రరీ పని అయిపోతుంది. అడుగు వెనక్కు వేస్తే చాలు.

“పేరు లేదు సార్,” అన్నాడు మళ్ళీ. “పేరు లేదు గానీ, మనిషి ఉండాది.”

“అంటే?”

గంట తీశాడు. నరసింహప్ప మొహం మారింది. కుళ్ళాయప్ప ఓబన్న పేరుదాకా చదివి రెండుసార్లు కొట్టి, ఎర్రచుక్క చూపించి, దాని అర్థం చెప్పాడు. “ఇది మా వృత్తి. అయినా దీని అర్థం నాకు నిన్నటిదాకా తెల్దు సార్. ఆ పెద్దమ్మ చెప్పినాది,” అన్నాడు. ఆ మాట అనడం అన్నిటికంటే కష్టమైంది.

“గంట కొడితే సాక్ష్యమా సార్? ఎన్నిసార్లు కావల్లంటే అన్నిసార్లు కొడ్తాడు!” నరసింహప్ప గట్టిగా అన్నాడు.

తహసీల్దారుకూ అదే అనుమానం. అప్పుడు కుళ్ళాయప్ప దస్త్రాలు మూడూ బల్ల మీద పెట్టాడు. “ఈ చుక్కలు మా నాయన పెట్టినవి, సిరా చూడండి. లైబ్రరీ కాయితాలు మొన్న మొన్న రాసినవి, రాసిన మేడమ్ నా దస్త్రం ఎప్పుడూ చూడలేదు. లైబ్రరీలో కాయితమున్న చుక్కలు ఏడు, వాటిల్లో మీకు ఇష్టమొచ్చింది మీరే తీయండి.”

భారతి రిజిష్టరు తెచ్చి పక్కన పెట్టింది. తహసీల్దారు ఒక చుక్క మీద వేలు పెట్టాడు. ఆ ఇంటి పేరు రిజిష్టరులో వెతికారు. కూతురు, ఇల్లటం. ఇంకోటి. అంతే. మూడోసారి తహసీల్దారు రిజిష్టరునుంచి మొదలుపెట్టాడు. పెంపకం అని ఉన్న ఇల్లు తీసి, దస్త్రంలో చూశాడు. చుక్క లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“రెండూ ఒకటి చూడకుండా ఒకటి రాసినవి,” అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. గుమాస్తాను పిలిచి కుళ్ళాయప్ప వాంగ్మూలం రాయించాడు. ‘ఈరప్ప కన్న కూతురు తిరుపాలమ్మ’ అన్న మాట బిగ్గరగా చదివించి, కింద సంతకం పెట్టించాడు.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. అతని చేనుకు నరసింహప్ప బోరు నీళ్ళే. “నేను చిన్నోణ్ణి సార్, నాకు ఏడెనిమిదేండ్లు. ఆయక్క పెండ్లికి బెల్లం పానకం తాగినా. ఈరప్ప మామ కూతురి పెండ్లి అనే తాగినా,” అని కూర్చున్నాడు. అతని తరువాత ఇంకో ఇద్దరు లేచారు.

తిరుపాలమ్మకు ఏం జరిగిందో జయంతి చెవిలో చెప్పింది. ఆమె తల ఊపింది. తరువాత జయంతి లేచి నేరుగా భారతి దగ్గరికి పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. కుళ్ళాయప్ప చూస్తూ నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పింది తను, పట్టుకున్న చేతులు ఆమెవి. లోపల మళ్ళీ చురుక్కుమంది. ఇది చచ్చేదాకా పోయేది కాదనుకున్నాడు.

నరసింహప్ప అతని పక్కనుంచి పోతూ ఆగాడు. “ఇంక మా గడప తొక్కద్దప్పా,” అన్నాడు. “మా కళ్ళానికీ రావద్దు. మా ఇంట్లో ఇంక ఎవురికీ నీ చదువు అక్కర్లే.”

ఆరు తరాల ఇల్లు. పదిహేడు ఊళ్ళలో అన్నిటికంటే పెద్ద కళ్ళం. కుళ్ళాయప్ప దస్త్రాలు ఒకటొకటిగా సంచిలో పెట్టుకున్నాడు.

*

శనివారం గ్రంథాలయానికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావని అడిగితే చెప్పలేడు, కాళ్ళు అటు పోయాయి. భారతి ఈరప్ప ఇంటి కాగితం బయట పెట్టి ఉంచింది. ‘చెప్పినవారు’ అన్న గీత మీద తిరుపాలమ్మ వేలిముద్ర కింద అతని పేరు రాసి, ‘మార్కండేయ దస్త్రం ప్రకారం’ అని చేర్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

“మిగతా చుక్కలు ఎన్నుండాయి పెద్దాయనా?”

“ఇవి పోతే ముప్పై ఒకటి.”

“వాండ్ల పేర్లు?”

కుళ్ళాయప్ప నోరు తెరిచాడు. మూడు వందల ఇళ్ళ వంశాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. ముప్పై ఒక్క చోట్ల ముప్పై ఏళ్ళుగా తనే గంట కొడుతున్నాడు. ఒక్క పేరూ తెలియదు.

“తెలీదు,” అన్నాడు. “ఎప్పుడూ అడగలే.”

భారతి తెల్ల కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ఆ సాయంత్రమే ఊరూరికీ కబురు పంపారు, ఇల్లటం అల్లుళ్ళను తెచ్చుకున్న ఇళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలు, వచ్చి పేర్లు చెప్పిపొమ్మని. కబురులో కుళ్ళాయప్ప పేరు ముందుండాలా భారతి పేరు ముందుండాలా అన్న దగ్గర అతను కాసేపు గొణిగాడు. భారతి నవ్వి అతని పేరే ముందు పెట్టించింది.

సోమవారం పది గంటలకు మొదటి మనిషి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నల్లగా, ఎత్తుగా, చేతిలో టిఫిను క్యారియరుతో. బస్సులో మూడు ఊళ్ళు దాటి వచ్చింది. ఎవరిని అడగాలో తెలియక భారతి బల్లవైపు నడిచింది. కుళ్ళాయప్ప గబుక్కున లేచి తన కుర్చీ ఈడ్చుకొచ్చి ఇద్దరి మధ్యా వేశాడు.

“ఇట్ల రామ్మా. రాసేది నేను.”

ఆమె కూర్చుంది. “ఎవురి పేరు చెప్పల్లప్పా? మా ఆయనదా?”

“ఆయనది నాకు తెలుసు. మీ ఇంటి ముందర ఎన్నోసార్లు చదివినా. నీ పేరు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజంగానే అడుగుతున్నాడా అని భారతి వైపు ఒకసారి చూసింది. తరువాత చిన్నగా, ఎవరన్నా వింటారేమో అన్నట్టు చెప్పింది.

“నల్లమ్మ.”

కుళ్ళాయప్ప పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. రాసింది సరిగ్గా ఉందో లేదో ఆమెకు వినిపించాలని చదివాడు. చదవడం అంటే అతనికి ఒకటే పద్ధతి తెలుసు. మూలపురుషుడి నుంచి ఎత్తుకుని, తాత మీదుగా, తండ్రి మీదుగా దిగి వచ్చి, ‘కూతురు నల్లమ్మ’ అని రాగం బారెడు సాగదీశాడు. పత్రికలు చదువుకునేవాళ్ళు ఉలిక్కిపడి తలలెత్తారు. గ్రంథాలయంలో గట్టిగా చదవకూడదని గోడ మీద రాసి ఉంది. భారతి అతన్ని ఆపలేదు.

నల్లమ్మ కొంగు తీసేసింది. “ఇంగోసారి చదువప్పా,” అంది.